గోడ పక్క చాప

నూకరత్నం మళ్ళీ మొదటికొచ్చింది.

మొన్నటికి మొన్న 'పడవ', 'వల', 'అల' అని కూడబలుక్కుని చదివిన పిల్ల, ఇవాళ పలక ముందు పెడితే 'ప' దగ్గరే ఆగిపోయింది. దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూసింది. తల అడ్డంగా ఊపింది. "మరిసిపోనాను టీచరూ" అంది. ఆ అనడంలో కాస్తయినా దిగులుంటే నీలవేణి మనసు కుదుటపడేది. దిగులు లేదు సరికదా, పిల్ల ఇంకాస్త దగ్గరికి జరిగి, చెయ్యి చాపింది. దిద్దించమని.

నీలవేణికి ఏడుపొక్కటే తక్కువ.

ఆమె టీచర్ ట్రైనింగ్ కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. పాఠం చెప్పడం నేర్చుకోవడానికి సముద్రం ఒడ్డునున్న ఈ ఊరి బడికి వచ్చింది. కాలేజీ కాగితాల్లో ఆమెను ఛాత్రోపాధ్యాయురాలు అంటారు. అంత పేరు పిలిచేలోపు బడిగంట కొట్టేస్తారు కనుక పిల్లలు 'చిన్న టీచరు' అని తేల్చేశారు. వరండాలో ఒకటో తరగతి కూర్చుంటుంది, దాన్ని చూసుకునే ఆవిడ పెద్ద టీచరు. లోపల రెండే గదులు. ఒక గదిలో రెండో తరగతి, నీలవేణిది. రెండో గదిలో పై తరగతులన్నీ కలిపి పాపినాయుడు మాస్టారివి. రెండు గదులకీ మధ్య ఒక గోడ. ఆ గోడ కప్పుదాకా పోదు. కట్టినవాళ్ళకి ఇటుకలు చాల్లేదో ఓపిక చాల్లేదో గాని, అటు దగ్గినా ఇటు వినపడుతుంది.

పాఠం చెప్పడంలో నీలవేణికి ఒక పట్టుదల ఉంది. తరగతి మొత్తానికీ ఒకటే పాఠం గరిటెతో వడ్డించినట్టు వడ్డించేసి చేతులు దులుపుకోకూడదు. ఏ పిల్ల ఎక్కడ నిలబడి ఉందో అక్కణ్ణుంచే చెయ్యి అందించాలి. కాలేజీలో ఇది చెప్పిన రోజు మిగతావాళ్ళు పరీక్ష కోసం రాసుకున్నారు. నీలవేణి మాత్రం గుండెల్లో రాసుకుంది. ఎందుకంటే ఆమె చదువంతా హాస్టళ్ళలో సాగింది. వెనక వరసలో కూర్చుని, రానివి రానట్టే పెట్టుకుని, వచ్చినవి ఎవరికీ చూపించుకోలేక పెరిగింది. నీకేం వచ్చు అని ఆమెను అడిగినవాళ్ళు లేరు. ఏదో ఒక రోజు ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటారని చాలాకాలం ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. ఆ ఎదురుచూపు వయసొచ్చినా పోలేదు.

అందుకే గదిలో మూడు చాపలు వేసింది. ఇంకా అక్షరాలు కుదురుకోని వాళ్ళకి గోడ పక్క చాప. మాటలు కూడబలుక్కునే వాళ్ళకి గుమ్మం పక్క చాప. సొంతంగా కథ చదువుకోగలిగిన వాళ్ళకి కిటికీ పక్క చాప. ఏ చాప పని ఆ చాపదే. కిటికీ వాళ్ళకీ గుమ్మం వాళ్ళకీ పని అప్పజెప్పి, తను వెళ్ళి గోడ పక్క కూర్చునేది. అవసరం ఎక్కువున్న చోటే టీచరు ఎక్కువసేపు ఉండాలి కదా. ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని దిద్దించేది. దిద్దగా దిద్దగా వచ్చినవాళ్ళు లేచి, పలక చంకన పెట్టుకుని గుమ్మం పక్కకి మారుతుంటే తక్కినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. పిల్లలకది తిరునాళ్ళు. నీలవేణికైతే కళ్ళు చెమర్చేవి.

ఇలా చాప పలచబడుతూ పలచబడుతూ చివరికి దానిమీద నూకరత్నం ఒక్కతే మిగిలింది. రెండుసార్లు చప్పట్ల మధ్య గుమ్మం పక్కకి వెళ్ళింది. రెండుసార్లూ అన్నీ మర్చిపోయి గోడ పక్కకి వచ్చి కూర్చుంది.

వచ్చే వారం కాలేజీ నుంచి లెక్చరరు గారు చూడ్డానికొస్తున్నారు. అది అయ్యాక నీలవేణి ఈ ఊరు వదిలి వెళ్ళిపోవాలి. ఆయన వచ్చేసరికి గోడ పక్క చాప చుట్టి మూల నిలబెట్టి ఉండాలని ఆమె కోరిక. ఖాళీ చాపని చూపించి ఏమీ మాట్లాడకుండా నిలబడాలని ఎన్నిసార్లో ఊహించుకుంది. ఆ ఊహలో పాపినాయుడు మాస్టారు కూడా గుమ్మంలో నిలబడి ఉండేవారు. నిజం చెప్పాలంటే లెక్చరరు గారి కంటే ఆయనే ముఖ్యం.

మాస్టారి సంగతి కాస్త చెప్పాలి.

నీలవేణి వచ్చిన మొదటి రోజు బోర్డు మీద రాయబోతే సుద్దముక్క కీచుమంది. పిల్లలు చెవులు మూసుకుని కిలకిలలాడారు. అవతలి గదిలో పాఠం ఆగింది. మాస్టారు లేచి వచ్చారు. ఆమె చేతిలోంచి సుద్దముక్క తీసుకుని టప్పున విరిచారు. ఒక ముక్క జేబులో వేసుకుని, రెండోది ఆమె వేళ్ళలో ఏటవాలుగా పెట్టి, వెళ్ళిపోయారు. పొడుగు సుద్దని నిటారుగా పట్టి నొక్కితే అరుస్తుంది, విరిచి వాల్చి పట్టుకుంటే నోరు మూసుకుంటుంది. ఇంత చిన్న సంగతి ఆమెకి అంతవరకు ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్ళపాటు సుద్ద కీచుమనడం, మాస్టారు రావడం మామూలైపోయింది. "అరిసింది! మాస్టారొచ్చేస్తారు!" అని పిల్లలు కేకలు పెట్టేవాళ్ళు. ఆయన రావడం, విరవడం, సగం జేబులో వేసుకోవడం. ఎప్పుడు చూసినా ఆయన చొక్కా జేబు తెల్లగా ఉండేది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చూసి, ఒక మాట చెప్పి పోయేవారు. దిద్దించడమూ అలాగే నేర్పారు.

"రాని పిల్ల చెయ్యి బరువుగా ఉంటాదమ్మా. నువ్వు మొయ్యాలి. వచ్చాక తేలికైపోద్ది. తేలికయ్యిందని తెలవగానే వదిలీయాలి. పట్టుకునే ఉన్నావంటే ఆ పిల్ల ఎప్పటికీ సొంతంగా రాయదు."

ఆమె ఆ మాట నెత్తిన పెట్టుకుంది.

ఆ తర్వాత సుద్ద కీచుమనడం మానేసింది. నీలవేణి రాత కుదురుకుంది. బోర్డు మీద అక్షరాలు నిలువుగా, ముచ్చటగా, చప్పుడు లేకుండా నిలబడుతున్నాయి. మాస్టారు రావడమూ మానేశారు. గంట కొట్టాక ఎదురుపడితే, "నీకేటమ్మా, వచ్చీసింది" అని నవ్వి, సైకిలెక్కి వెళ్ళిపోయేవారు. ఎంత మంచి మాట! ఎవరైనా అయితే ఎగిరి గంతెయ్యాలి. నీలవేణికి మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నట్టుండేది. రాస్తూ రాస్తూ గుమ్మం వైపు చూసేది. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు. గోడ అవతల ఆయన గొంతు ఎవరికో ఎక్కాలు చెప్తూ ఉండేది. ఆ ఎవరో మీద ఆమెకి కాస్త కుళ్ళుగా కూడా ఉండేది. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అని తనని తనే తిట్టుకునేది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఆమె మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన బెంచీలు సర్దుతున్నారు.

"మాస్టారూ, నూకరత్నాన్ని ఒకటో తరగతికి పంపించేద్దామండి."

ఆయన ఆగారు. "ఏం?"

"వచ్చింది నిలవట్లేదండి ఆ పిల్లకి. రెండుసార్లు గుమ్మం పక్కకి మార్చాను. రెండుసార్లూ మొదటికొచ్చింది. ఇక్కడుంటే మిగతా పిల్లల మధ్య చిన్నబోతుంది. ఒకటో తరగతిలో కూర్చుంటే ఇంకో ఏడాదికైనా..."

ఆ పిల్లని వరండాలోకి పంపడమంటే తన చేతకానితనాన్ని వరండాలో కూర్చోబెట్టడమేనని ఆమెకు తెలుసు. తను పడిందే ఇంకో పిల్లకి రాసిపెట్టినట్టవుతుందనీ తెలుసు. కానీ ఇంకేం చెయ్యాలో తెలీదు.

"చెయ్యి ఎలాగుంది?" అన్నారు మాస్టారు.

"ఎవరిదండి?"

"ఆ గుంటది. పట్టుకుంటే ఎలాగుంది, బరువుగా ఉందేటి?"

నీలవేణి ఆలోచించింది. ఈ మధ్య విసుగులో గమనించనే లేదు. "మొదట్లో తేలికైందండి. మీరు చెప్పినట్టే వదిలేశాను."

"వదిలి ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికంటే... ఇంకొకరి దగ్గరికండి. రానివాళ్ళ దగ్గరికి."

మాస్టారు తల పంకించారు. ఇంకేమైనా అంటారేమోనని ఆమె నిలబడే ఉంది. ఆయన చివరి బెంచీ కూడా సర్ది, "రేపు చూద్దాంలే అమ్మా" అని తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్న నీలవేణి నూకరత్నం పక్కన కూర్చుని, కోపం దాచుకుని, చెయ్యి పట్టుకుంది. పిల్ల రెండో చేత్తో ఆమె వేళ్ళు తడిమి చూసింది.

"నీ సెయ్యి యెచ్చగుంటాది టీచరూ."

"ముందు దిద్దు."

"మాయమ్మ సేతులు సల్లగుంటాయి. కంపినీలో అయిసులో రొయ్యలు వొలుస్తాది కదా. ఇంటికొచ్చినా సల్లగే ఉంటాయి. ముట్టుకుంటే నొప్పంటాది."

"అలాగా" అంది నీలవేణి. ఆమె ధ్యాస కిటికీ చాప మీద జరుగుతున్న గొడవ మీద ఉంది. లేచి వెళ్ళింది. మళ్ళీ వచ్చి చూస్తే, నూకరత్నం 'ప' ఉన్నచోటే వదిలేసి పలక మీద పీత బొమ్మ వేసుకుంటోంది. ఇక లాభం లేదనుకుంది నీలవేణి. సాయంత్రం ఆ పిల్ల సంచీ తనే తీసుకెళ్ళి వరండాలో పెట్టి, పెద్ద టీచరుకి అప్పజెప్పేద్దాం అని గట్టిగా అనేసుకుంది. అనేసుకున్నాక మనసు తేలిక పడాలి. పడలేదు.

బోర్డు దగ్గరికి వెళ్ళి కొత్త సుద్దముక్క తీసింది. పొడుగుది. అవతల మాస్టారు ఎవరినో మెచ్చుకుంటున్నారు. "అదీ! అలాగన్నమాట! మళ్ళీ చెప్పు." ఆ గొంతులోని సంతోషం గోడ మీంచి ఇటు పడింది. నీలవేణి సుద్దముక్కని విరవలేదు. నిటారుగా పట్టుకుంది. నొక్కింది.

సుద్ద కీచుమంది. అలాంటిలాంటి కీచు కాదు, పళ్ళు జివ్వుమన్నాయి.

"అరిసింది! చిన్న టీచరు సుద్ద అరిసింది! మాస్టారొచ్చేస్తారు!"

అవతల పాఠం ఆగింది. అడుగుల చప్పుడు. గుమ్మంలో ఎండకి అడ్డంగా మాస్టారు నిలబడ్డారు. ఎప్పటిలాగే వచ్చి సుద్ద తీసుకుని విరిచారు. సగం జేబులో వేసుకున్నారు. సగం ఆమె వేళ్ళలో ఏటవాలుగా పెట్టారు. పెట్టి, ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశారు. వెళ్ళిపోయారు.

ఆ క్షణంలో నీలవేణికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. చెవులు వేడెక్కాయి. పిల్లల వైపు తిరగలేక బోర్డుకే ముఖం పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఎంత జాగ్రత్తగా రాసిందంటే సుద్ద ఊపిరి కూడా తియ్యలేదు. ఒక వరస అయింది. ఇంకో వరస అయింది. గది సద్దుమణిగింది.

వెనక ఏదో మెసిలినట్టనిపించి తిరిగి చూసింది.

మాస్టారు మళ్ళీ వచ్చారు. ఎప్పుడొచ్చారో తెలీదు. గోడ పక్క చాప మీద, నూకరత్నం పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, బోర్డు వైపు చూస్తున్నారు. నూకరత్నం ఆయన వైపూ, టీచరు వైపూ మార్చి మార్చి చూస్తోంది.

నీలవేణి కంగారుగా బోర్డంతా వెతుక్కుంది. "ఏమైనా తప్పు రాశానా మాస్టారూ?"

"లేదమ్మా."

"మళ్ళీ కీచుమందా అండీ?"

"లేదు."

"మరి..."

"తప్పు రాస్తేనే రావాలేటి?" అన్నారు ఆయన. గొంతు తగ్గించి, "గోడకి అటేపు కూకుని, నీ సుద్ద చప్పుడు వినపడకపోతే నాకూ వెలితిగానే ఉంటాదమ్మా. వచ్చీసిందిలే, ఇంకేటి పని అని నానే రావడం మానీసినాను" అన్నారు. "రాయి. సూస్తాను."

ఆమె తిరిగి రాయబోయింది. చెయ్యి ఆడలేదు. కళ్ళల్లో నీళ్ళు నిండి బోర్డు కనపడలేదు.

ఆ చెయ్యి అలా గాలిలో ఆగిపోయినప్పుడు ఆమెకు ఇంకో చెయ్యి గుర్తొచ్చింది. పొద్దున్న తన గుప్పిట్లో ఉన్నది. తను 'ప' తలకట్టు వైపు కదపకముందే, ఆ చిన్న చెయ్యి తనకంటే ముందే ఆ వంపు తిరిగి, చటుక్కున ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ బరువైపోయింది. అది తన చేతికి తెలిసింది. తనకే తెలియలేదు.

ఆమె సుద్దముక్కని బోర్డు కింది గట్టు మీద పెట్టేసింది.

మాస్టారు లేచారు. లేస్తూ నూకరత్నం తల నిమిరి, అరచేతి సుద్దపొడి పిల్ల జుట్టుకి అంటుకున్నది చూసుకోకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయారు. అవతలి గదిలో ఎక్కాలు మళ్ళీ మొదలయ్యాయి.

నీలవేణి నూకరత్నం సంచీ అందుకుంది. పిల్ల ముఖం చిన్నబోయింది. వరండా వైపే తీసుకెళ్తుందనుకుంది కాబోలు. నీలవేణి సంచీతోపాటు పిల్లనీ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం పక్క చాపనీ దాటింది. కిటికీ పక్క చాప మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అక్కడి పిల్లలు జరిగి చోటిచ్చారు. చప్పట్లు కొట్టబోయారు గాని, టీచరు ముఖం చూసి ఎందుకో మానేశారు. నీలవేణి పీత పెళ్ళి కథల పుస్తకం తీసి పిల్ల ఒళ్ళో పెట్టి, తనూ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది.

"నాకు రాదు టీచరూ" అంది నూకరత్నం. అలవాటుగా చెయ్యి చాపింది.

నీలవేణి ఆ చెయ్యి పట్టుకుంది. ఏమీ దిద్దించలేదు. ఊరికే పట్టుకుంది. దాంట్లో బరువన్నదే లేదు.

నూకరత్నం పుస్తకం మీదకి వంగింది. తర్వాత మెల్లిగా, వినీ వినపడకుండా, "పీత పెళ్ళికి బయల్దేరింది" అని చదివింది. చదివి, గబుక్కున తలెత్తింది. టీచరు లేచిపోతుందేమోనని.

టీచరు లేవలేదు.

"దారిలో అల వచ్చి పీత చీర తడిపేసింది." మళ్ళీ తలెత్తింది. ఆమె చేతివేళ్ళని ఒక్కొక్కటీ నొక్కి చూసింది, అక్కడే ఉన్నాయో లేదో అన్నట్టు. గుమ్మం పక్క పిల్లాడొకడు "టీచరూ, నాకిది రావట్లేదు" అని పిలిచాడు. నీలవేణి "వస్తాన్రా, కాసేపాగు" అంది. కదల్లేదు.

నూకరత్నం అది విన్నది. ఇంకో వరస చదివింది. ఈసారి గొంతు పెరిగింది. ఇంకో వరస. పేజీ తిప్పి, ఆ పేజీ కూడా అయిపోవచ్చాక, ఇక ఆ మోసం తనకే బరువైపోయినట్టు పుస్తకం మూసి ఒప్పేసుకుంది.

"టీచరూ, ఇదంతా నాకొచ్చు."

"తెలుసమ్మా."

"మరేటికి ఇక్కడ కూకున్నావు?"

నీలవేణి ఆ పిల్ల జుట్టుకంటిన సుద్దపొడి తుడవబోయి, తుడవకుండా వదిలేసింది.

"నీకు వస్తే కూకోకూడదేటి?" అంది.

నూకరత్నం పుస్తకం తెరిచి మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.